గూంజ్ చెవికి, ఆవాజ్ రికార్డుకి

షాదీల సీజన్ దగ్గర పడితే చాలు, దోస్తులూ చుట్టాలూ నన్ను ఒకటే సవాల్ అడుగుతారు. "భాయ్, ఇంట్లో ఢోలక్ కే గీత్ రికార్డు చేస్తున్నాం, ఎకో ఎంత పెట్టాలి?" నా జవాబు ఎప్పుడూ రెండు ముక్కలే. పాడేవాళ్ల చెవిలో కావలసినంత పెట్టండి. రికార్డులో అసలు పెట్టకండి. రెండో ముక్క కొందరికి నచ్చదు, మొదటి ముక్క ఇంకొందరికి నచ్చదు. అందుకే ఈసారి తఫ్సీల్‌గా రాస్తున్నా.

ఢోలక్ కే గీత్ గురించి మన ఇళ్లలో పరిచయం చేయక్కర్లేదు. మాంఝా, సాంచక్, మెహెందీ రాత్రుల్లో ఆడవాళ్లంతా దరీ మీద గుండ్రంగా కూర్చుంటారు. ఒకామె ఢోలక్ వాయిస్తుంది, పక్కనామె చెంచాతో ఢోలక్ చెక్క మీద టక్ టక్‌మని తాళం వేస్తుంది. హైదరాబాద్‌లో ఈ పాటలు దక్నీలో నడుస్తాయి. దుల్హన్ తరఫువాళ్లు సమ్‌ధన్‌ని ఆటపట్టిస్తారు, నవ్విస్తారు, చివరికి విదాయీ పాటతో అందర్నీ ఏడిపిస్తారు. నానీ నోటి నుంచి అమ్మీ చెవికి, అమ్మీ నోటి నుంచి బేటీ చెవికి వచ్చిన పాటలు ఇవి. ఎన్నో పాటలకి కాగితం మీద ఒక్క అక్షరం లేదు. డీజే వచ్చాక పాడేవాళ్లు తగ్గిపోయారు. మా ఖాందాన్‌లో ఇవి మొదటి నుంచి చివరిదాకా వచ్చినవాళ్లు ముగ్గురే మిగిలారు: పెద్ద ఖాలా, చిన్న ఖాలా, ఫుప్పూ. ముగ్గురూ డెబ్బై దాటినవాళ్లే. వాళ్లని రికార్డు చేయడం షౌక్ కోసం చేసే పని కాదు, మన మీద ఉన్న కర్జ్.

రికార్డులో ఎకో ఎందుకు వద్దంటానో ముందు చెప్తా. మా చుట్టాలింట్లో ఒక పాత షాదీ రికార్డింగ్ ఉంది. తీసిన వీడియోవాలా మైకు ఆవాజ్‌కి మిక్సర్ దగ్గరే ఎకో కలిపేశాడు. ప్రతి లఫ్జ్ రెండు మూడుసార్లు తిరిగొచ్చి తర్వాతి లఫ్జ్ మీద పడుతుంది. పాడినామె ఇప్పుడు లేదు. ఆమె మనవరాలు ఆ పాటలు రాసుకుందామని హెడ్‌ఫోన్ పెట్టుకుని రోజుల తరబడి కూర్చుంది. ఒక పాటలో సగం లైన్ల దగ్గర ఖాళీ గీతలే మిగిలాయి. "దాదీ నవ్విందని తెలుస్తోంది, ఎందుకు నవ్విందో తెలియట్లేదు" అంది ఆ పిల్ల. రివర్బ్ తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు ఉన్నాయి. కొంత తగ్గిస్తాయి కూడా. గూంజ్‌తో పాటు ఆవాజ్‌ని కూడా కొంచెం గీకేస్తాయి. బిర్యానీ దమ్ అయ్యాక ఉప్పు ఎక్కువైందని తీయగలమా? ఇదీ అంతే. పొడి ఆవాజ్‌కి గూంజ్ ఎప్పుడైనా కలపొచ్చు. పదేళ్ల తర్వాతైనా కలపొచ్చు. కలిసిపోయిన గూంజ్‌ని విడదీయడం మాత్రం మన చేతిలో లేదు.

ఇది విని కొందరు కుర్రాళ్లు ఇంకో చివరికి వెళ్తారు. "అసలైన గాయకులకి ఎఫెక్ట్‌లు అక్కర్లేదు భాయ్. సూఖా ఆవాజ్ వింటూనే పాడాలి, అప్పుడే తప్పులు తెలుస్తాయి" అంటారు. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ కోసం గౌహర్ జాన్ పాడిందని, ఆమెకి ఏ రివర్బ్ ఉందని అడుగుతారు. నిజమే, ఆమె రికార్డింగ్ హార్న్ ముందు నిలబడి మూడు నిమిషాల్లో పాట ముగించి, చివర తన పేరు తనే చెప్పుకునేది. కానీ ఒక సంగతి మరిచిపోతున్నారు. గౌహర్ జాన్ చెవుల మీద హెడ్‌ఫోన్ లేదు. ఆమె ఆవాజ్ గది గోడలకి తగిలి తిరిగి ఆమె చెవిలోకే వచ్చేది. ఆమెకీ ఆమె ఆవాజ్‌కీ మధ్య ఏమీ లేదు.

ఇప్పుడు మనం పెద్ద ఖాలాకి ఏం చేస్తున్నాం? రెండు చెవులూ మూసే హెడ్‌ఫోన్ పెడుతున్నాం. ఆమె జిందగీ అంతా ఆంగన్‌లోనో హాల్లోనో పదిమంది మధ్య పాడింది. గోడలు, పైకప్పు, పక్కవాళ్ల గొంతులు, అన్నీ కలిసి ఆమె ఆవాజ్‌ని మోసేవి. హెడ్‌ఫోన్‌లో అవన్నీ మాయమై, మైకు అంగుళాల దూరం నుంచి పట్టుకున్న ఒంటరి గొంతు వినిపిస్తుంది. మొదటిసారి పెట్టుకోగానే మా ఖాలా అడిగిన మాట: "కైకు రే బేటా, ఇత్తీ సూఖీ సూఖీ ఆరీ ఆవాజ్?" వయసు మీద పడ్డ గొంతులోని ప్రతి వణుకూ ఆమెకి పెద్దదై వినిపించింది. సిగ్గుపడి గొంతు తగ్గించింది. ఇంకొందరైతే గొంతు చాలట్లేదనుకుని బలవంతంగా పెంచుతారు, సుర్ పైకి జారుతుంది. రెండు విధాలా పోయేది పాటే. చెవిలో కొంచెం గూంజ్ పెట్టగానే ఖాలా భుజాలు కిందికి దిగాయి, చెయ్యి ఊపడం మొదలుపెట్టింది. బుజుర్గ్‌లకి ఆ మాత్రం గూంజ్ ఇవ్వడం అదబ్ అని నా ఖయాల్. మేకప్ లాంటి మోసం కాదది. మనం లాక్కున్న గదిని వాళ్లకి తిరిగి ఇవ్వడం.

మరి చెవిలో ఉండి, రికార్డులో లేకుండా ఎలా? అక్కడే అసలు హునర్ ఉంది. పాడుతుండగా తన ఆవాజ్ తనకి వినిపించే ఏర్పాటుని మానిటరింగ్ అంటారు. మైకు నుంచి ఆవాజ్ ఆడియో ఇంటర్‌ఫేస్ డబ్బాలోకి, అక్కడి నుంచి కంప్యూటర్‌లోకి వెళ్తుంది. సాఫ్ట్‌వేర్ దానికి ఎఫెక్ట్ వేసి మళ్లీ డబ్బాలోకి పంపిస్తే హెడ్‌ఫోన్‌కి చేరుతుంది. ఈ రానూపోనూ సఫర్‌కి టైమ్ పడుతుంది, దాన్నే లేటెన్సీ అంటాం. కంప్యూటర్ ఆవాజ్‌ని చుక్కచుక్కగా కాకుండా గ్లాసులతో తీసుకుంటుంది. ఆ గ్లాసు పేరు బఫర్. సెకనుకి 48,000 శాంపిళ్ల లెక్కన, 256 శాంపిళ్ల బఫర్ నిండడానికి 5 మిల్లీసెకన్ల పైచిలుకు. 1024 పెడితే 21 మిల్లీసెకన్లు. వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి కాబట్టి దాదాపు రెట్టింపు వేసుకోండి. డబ్బా లోపల మార్పిడికి పట్టే కొంచెం టైమ్ దీనికి అదనం.

ఇంత చిన్న అంకెలతో ఏం ఫర్క్ పడుతుందంటారా? గాలిలో శబ్దం 10 మిల్లీసెకన్లలో నడిచేది దాదాపు పదకొండు అడుగులు. పదకొండు అడుగుల దూరంలో ఢోలక్ మోగితే మనకి ఇబ్బంది లేదు. సొంత గొంతు సంగతి వేరు. మన ఆవాజ్ మన ఎముకల గుండా వెంటనే చెవికి చేరిపోతుంది. హెడ్‌ఫోన్‌లో అదే ఆవాజ్ కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తే రెండూ ఒకదాన్నొకటి కోసుకుని, గొట్టంలోంచి పాడుతున్నట్టు డొల్లగా వినిపిస్తుంది. ఆలస్యం ఇంకా పెరిగితే తాల్ తప్పుతుంది. 200 మిల్లీసెకన్ల దగ్గర మామూలుగా మాట్లాడేవాళ్లకి కూడా నాలుక తడబడుతుంది. ఈ సంగతిని 1950లోనే బెర్నార్డ్ లీ అనే ఆయన రాశారు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ల ఆలస్యం మామూలుగా 100 మిల్లీసెకన్లు దాటుతుంది. అందుకే రికార్డింగ్ రోజు బ్లూటూత్ ఎంత ఖరీదైనదైనా సరే బ్యాగులోనే ఉంచమంటాను. వైరున్న సాదా హెడ్‌ఫోన్ చాలు.

"మరి బఫర్ తగ్గించేస్తే పోలా?" అంటారు. ఒక మైకుకి తగ్గించొచ్చు. నాలుగు మైకులు, నాలుగింటి మీదా ఎఫెక్ట్‌లు అనేసరికి సాధారణ లాప్‌టాప్ ఊపిరాడక చిటపటలు మొదలుపెడుతుంది. ఆ చిటపటలు రికార్డులోకి కూడా దిగొచ్చు. ఇక్కడ నా మషవరా ఏంటంటే, పొడి ఆవాజ్‌ని కంప్యూటర్ దాకా పంపి వెనక్కి తెప్పించుకోకండి. చాలా ఇంటర్‌ఫేస్‌లకి డైరెక్ట్ మానిటరింగ్ అనే మీటో బటనో ఉంటుంది. అది మైకు ఆవాజ్‌ని కంప్యూటర్‌తో పని లేకుండా నేరుగా హెడ్‌ఫోన్‌కి ఇచ్చేస్తుంది, ఆలస్యం దాదాపు సున్నా. దాంట్లో ఎఫెక్ట్ ఉండదు కాబట్టి గూంజ్‌ని మాత్రం సాఫ్ట్‌వేర్ నుంచి తెప్పించుకోవాలి. గూంజ్ 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తే పాడేవాళ్లకి తేడా తెలియదు. పెద్ద హాల్లో గోడకి తగిలి వచ్చే ఆవాజ్ కూడా ఆలస్యంగానే వస్తుంది కదా! ఆలస్యం గూంజ్ స్వభావంలోనే ఉంది. గూంజ్‌ని పట్టి పీడించని జబ్బు అసలు ఆవాజ్‌ని ఎందుకు పీడించాలి? రెండింటికీ వేరువేరు దారులు ఇవ్వండి.

రీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఇది ఇలా కుదురుతుంది. ముగ్గురు గాయకులకి మూడు ట్రాకులు, ఢోలక్‌కి ఒకటి. వీటికి తోడు గూంజ్ కోసం ఐదో ట్రాకు. ఆ ఐదోదాని మీద ఒకే ఒక్క రివర్బ్ పెట్టి, అందులో పొడి ఆవాజ్ సున్నా, తడి ఆవాజ్ పూర్తిగా ఉండేలా చేయాలి. ముగ్గురి ట్రాకుల నుంచీ దానికి సెండ్ ఇవ్వాలి. వాళ్ల ట్రాకుల నుంచి మాస్టర్‌కి వెళ్లే దారిని రికార్డింగ్ అయ్యేదాకా మూసేయాలి, లేకపోతే డైరెక్ట్‌గా ఒకసారి, ఆలస్యంగా ఇంకోసారి, గొంతు రెండుసార్లు వినిపిస్తుంది. ఆ ముగ్గురి ట్రాకులకే మానిటరింగ్ ఆన్ చేయాలి. రికార్డు మోడ్ 'ఇన్‌పుట్' మీదే ఉండాలి. ట్రాకు మీద మామూలుగా పెట్టిన ఎఫెక్ట్ వినిపిస్తుంది గానీ ఫైల్‌లోకి దిగదు. 'ఇన్‌పుట్ ఎఫ్‌ఎక్స్' అనే వేరే చోట పెడితే మాత్రం ఫైల్‌లోకి దిగిపోతుంది. అక్కడ చెయ్యి పెట్టకండి. ఉచితంగా దొరికే ఆడాసిటీలో 3.2 వెర్షన్ నుంచి ఎఫెక్ట్‌లని వింటూ మార్చుకునే వీలు వచ్చింది, కానీ అది రికార్డయిన ఆవాజ్‌కే. పాడుతుండగా చెవిలో గూంజ్ కావాలంటే అది పనికిరాదు.

ముగ్గురికీ ఒకే రివర్బ్ ఎందుకంటే మెషీన్‌కి బరువు తగ్గుతుంది, అదొక్కటే కాదు. ముగ్గురూ ఒకే గదిలో కూర్చున్నట్టు వినిపిస్తుంది. తలో గదిలో కూర్చున్న ఆడవాళ్లు ఢోలక్ కే గీత్ పాడరు. ఢోలక్‌కి మాత్రం చెవిలో గూంజ్ వద్దు. థాప్ పొడిగా, స్పష్టంగా వినిపిస్తేనే తాల్ నిలబడుతుంది. ఇంకో జాగ్రత్త: శబ్దాన్ని శుభ్రం చేసే ఎఫెక్ట్‌లు, ముందుచూపు లిమిటర్లు రికార్డింగ్ సమయంలో పెట్టొద్దు. వాటి పని తీరులోనే ఆలస్యం ఉంది. ఒక ట్రాకు మీద అలాంటిది పెడితే, అన్నిటినీ సమం చేయడానికి సాఫ్ట్‌వేర్ మిగతా ట్రాకుల్ని కూడా ఆపుతుంది. ఒక్క బారాతీ ఆలస్యం చేస్తే బారాత్ మొత్తం ఆగినట్టు!

ఆటో ట్యూన్ గురించి కూడా అడుగుతారు. 1997లో అంటారెస్ కంపెనీ తెచ్చిన ఆ హత్యార్ సినిమా పాటలకి పనికొస్తుందేమో గానీ ఫుప్పూ చెవిలో పెట్టకండి. ఆమె సుర్ హార్మోనియం మెట్ల మధ్య ఎక్కడో నిలబడుతుంది, లఫ్జ్ చివర కొంచెం జారుతుంది. ఆ జారడం ఆమెకి వాళ్ల అమ్మీ నుంచి వచ్చిన విరాసత్. మెషీన్ దాన్ని గలతీ అనుకుని పక్క మెట్టు మీదికి నెడుతుంది. నెట్టినది చెవిలో వింటుంటే ఆమె కూడా కాసేపటికి అటే నడుస్తుంది. అప్పుడు రికార్డు పొడిగానే ఉన్నా పాట మారిపోయి ఉంటుంది. చెవిలో పెట్టేదానికి గొంతుని మార్చే తాకత్ ఉంది, అందుకే నేను గూంజ్‌కి ఔనంటాను, దీనికి కాదంటాను. గూంజ్ ధైర్యం ఇస్తుంది, ఆటో ట్యూన్ హుకుం ఇస్తుంది.

ఇక అందరితో నాకు బహస్ వచ్చే చోటు ఒకటుంది. "ఒక్కొక్కరినీ విడివిడిగా పాడించి తర్వాత కలిపేస్తే సాఫ్‌గా వస్తుంది కదా" అంటారు. సాఫ్‌గా వస్తుంది, జాన్ ఉండదు. ఈ పాటల్లో ఒకామె సమ్‌ధన్ మీద మాట విసిరితే రెండో ఆమె నవ్వు ఆపుకోలేక లైన్ అందుకుంటుంది. ఆ నవ్వు విడిగా రికార్డు చేయలేం. ముగ్గుర్నీ కలిపే కూర్చోబెట్టండి. ఒకరి మైకులో ఇంకొకరి ఆవాజ్ కొంత పడుతుంది, పడనివ్వండి. మైకుల్ని నోటికి దగ్గరగా, ఢోలక్‌ని ఒక గజం దూరంగా పెడితే తర్వాత హెచ్చుతగ్గులు సరిచేసుకునేంత జాగా మిగులుతుంది. హెడ్‌ఫోన్‌తో ఘబ్రాహట్ అనేవాళ్లని ఒక చెవి బయటికి తీసి పెట్టుకోమనండి. మా చిన్న ఖాలాకి దుపట్టా మీద నుంచి ఒక చెవికే పెడితే గానీ సుకూన్ రాలేదు.

ఇదే చోట అన్నిటికన్నా నాజూకు మాట ఒకటి చెప్పాలి. మన ఇళ్లలో కొందరు ఆడవాళ్లు ఇంట్లో పాడతారు గానీ తమ ఆవాజ్ పరాయివాళ్ల ఫోన్లలో తిరగడం ఇష్టపడరు. అది వాళ్ల హక్. పాడే రోజు సరేనని, నెల తర్వాత వద్దనే హక్ కూడా వాళ్లదే. వేరువేరు ట్రాకులు ఉన్నాయి కదా, వద్దన్నామె ట్రాకు మ్యూట్ చేస్తే సరిపోతుందని కుర్రాళ్లు అనుకుంటారు. సరిపోదు. పక్క మైకులో పడిన ఆమె గొంతు అలాగే ఉంటుంది. గూంజ్ కలిపి రికార్డు చేసి ఉంటే ఇంకా ఘోరం, ఆమె గొంతు అందరి చుట్టూ పొగలా అల్లుకుని ఉంటుంది. అందుకే మైకు పెట్టకముందే అడగండి. ఇంట్లోవాళ్లకేనా, ఖాందాన్‌కా, దునియాకా? జవాబు వేరువేరుగా వస్తే పాటల్ని కూడా వేరువేరుగా పాడించండి. బయటికి ఇవ్వొద్దన్న పాట బయటికి పోకూడదు. రికార్డు అయిన ఆవాజ్ అమానత్. అమానత్‌లో ఖియానత్ చేస్తే పాటతో పాటు మన మీద భరోసా కూడా పోతుంది. ఆ తర్వాత మన ముందు ఎవరూ నోరు విప్పరు.

చివరికి వినేవాళ్లకి ఎకో కావాలంటే? బేషక్ వేసుకోండి. నేను గూంజ్‌కి దుష్మన్‌ని కాదు. 1957లో జర్మనీవాళ్లు ఈఎంటీ 140 అని ఒక ఇనుప రేకు పెట్టె చేశారు, బరువు దాదాపు 270 కిలోలు, ఆ రేకు వణుకే గూంజ్. ఒక్క గూంజ్ కోసం స్టూడియోలు అంత బరువు మోశాయి. ఇప్పుడు అదే పని ఫోన్ కూడా చేస్తుంది. కాబట్టి షాదీ గ్రూపులో పెట్టడానికి తియ్యగా మిక్స్ చేసిన కాపీ ఒకటి చేసుకోండి. దాని పక్కనే ఏ ఎఫెక్టూ లేని నాలుగు ట్రాకుల్ని వేవ్ ఫైళ్లుగా, అలాగే దాచండి. 24 బిట్, 48,000 లెక్కన ఒక్కో ట్రాకు నిమిషానికి 9 ఎంబీ లోపే. నాలుగు ట్రాకులు గంటకి దాదాపు 2 జీబీ. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో మూడు నాలుగు రాత్రుల పాటలు పడతాయి. రెండు పెన్‌డ్రైవ్‌లు కొని రెండిళ్లలో పెట్టండి. దాంతో పాటు ఒక కాగితం మీద ఎవరు పాడారు, ఏ ఊరివాళ్లు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎవరెవరికి వినిపించొచ్చన్నారు అనేది రాసి పెట్టండి.

ఈ పనికి పెద్ద స్టూడియో అక్కర్లేదు. నాలుగు మైకులు పట్టే ఇంటర్‌ఫేస్ ఒకటి, మూసిన రకం వైరు హెడ్‌ఫోన్లు మూడు, వాటిని పంచే చిన్న డబ్బా ఒకటి, దోస్తుల దగ్గర అడిగి తెచ్చుకున్నా సరే. కూలర్ ఆపేసి, కిటికీలకి రజాయిలు కట్టి, చాయ్ పెట్టించి కూర్చోబెట్టండి. పాట మధ్యలో మరిచిపోతే ఆపకండి, ఒకరికొకరు అందిస్తారు, ఆ అందించడం కూడా రికార్డు కానివ్వండి. రేపు మన పోతీలు నవాసీలు ఆ పాటని తమ షాదీల్లో పాడాలనుకుంటే వాళ్లకి కావలసింది మన మిక్సింగ్ కమాల్ కాదు. ఏ లఫ్జ్ ఎక్కడ పడిందో, దాదీ ఏ మాట దగ్గర నవ్విందో సాఫ్‌గా వినిపించాలి. ఈ ఈద్‌కి ఇంటికెళ్లినప్పుడు పెద్దవాళ్లని అడిగి తారీఖు ఖరారు చేసుకోండి. షాదీ వచ్చేదాకా ఆగొద్దు.